బోడి డబ్బాలు

అత్త డబ్బా తెరిచే ముందు దాన్ని చెవి దగ్గర పెట్టుకుని ఊపుతుంది. లోపలి చప్పుడు విని "అనాస" అనో "జామ" అనో చెబుతుంది. ఇంతవరకు ఒక్కసారీ తప్పలేదు. డబ్బా మీద కాగితం ఉండదు కాబట్టి తెలుసుకోవడానికి వేరే దారి కూడా లేదు. ఆ విద్య తనకీ నేర్పమని మేనకోడలు చాలాసార్లు అడిగింది. అత్త నేర్పింది కూడా.

"జామ బద్ధకంగా కదులుతుంది. అనాస గలగలమంటుంది. విను, చెవి పెట్టి విను."

"నీళ్ళ చప్పుడులా ఉందత్తా."

"ఏమన్నావ్? కాస్త పైకి చెప్పు."

"నీళ్ళలా ఉందీ అన్నాను."

"నీ గొంతులాగే నీ చెవీ చిన్నదేనే," అని అత్త నవ్వేది.

ఆ పిల్ల మాట పక్కనున్నవాళ్ళకి కూడా సగమే వినపడుతుంది. బళ్ళో హాజరు వేసేటప్పుడు ఎదురుగా కూర్చుని "ఉన్నానండీ" అన్నా, టీచరు రాలేదని రాసుకున్న రోజులున్నాయి. అందుకే అత్త ఆమెకి గుసగుస అని పేరు పెట్టింది. ఇంట్లో ఇప్పుడు అదే అసలు పేరయిపోయింది.

అత్త పనిచేసేది పళ్ళ రసాల ఫ్యాక్టరీలో. అక్కడ నింపి, మూత బిగించి, ఉడికించి, చల్లార్చిన డబ్బాల్లో దేనికైనా సొట్ట పడితే దానికిక కాగితం అంటించరు. సాయంత్రం గేటు దగ్గర మనిషికి రెండేసి చొప్పున పంచేస్తారు. వాటిని అందరూ బోడి డబ్బాలంటారు. ఆ వీధిలో ఏ ఇంటి వంటగదిలో చూసినా గూట్లో బోడి డబ్బాలే మెరుస్తుంటాయి. పిల్లలకి జ్వరం వచ్చినా అవే, చుట్టాలొచ్చినా అవే.

ఇంట్లో వాటి మీద అందరికంటే ఎక్కువ నమ్మకం అత్తకే. ఒంట్లో షుగర్ ఉందని తెలిసిన దగ్గర్నుంచీ ఆమె టీలో పంచదార మానేసింది, అన్నం సగానికి తగ్గించింది, మిఠాయి వైపు కన్నెత్తి చూడటం లేదు. డబ్బా మాత్రం పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. "పండేగా," అనేది. "నా చేత్తో కోసి పంపింది నాకు తెలియదా?"

*

సోమవారం మధ్యాహ్నం భోజనాల గంట కొట్టగానే అత్త గుసగుసని వెంటబెట్టుకుని ఫ్యాక్టరీలోనే ఉన్న డిస్పెన్సరీకి వెళ్ళింది.

గుసగుస లేబుళ్ళ విభాగంలో చేరి అప్పటికి కొద్ది రోజులే. పరీక్షలు అయిపోయాయి, సెలవుల్లో ఇంట్లో కూర్చుని ఏం చేస్తుందని అత్తే మాట్లాడి పనిలో పెట్టించింది. ఆమెకి నీలం టోపీ ఇచ్చారు. అత్తది పచ్చ టోపీ, అంటే పళ్ళ గది. రెండింటికీ మధ్య తెల్ల టోపీల వాళ్ళ గది ఉంది. రసం కలిపేది అక్కడే. ఒక టోపీ వాళ్ళు ఇంకో టోపీ వాళ్ళ గదిలోకి వెళ్ళకూడదు. పురుగూ పుట్రా, మట్టీ గిట్టీ కలవకూడదని నేల మీద ఎర్ర గీత గీశారు. అత్త ఇన్నేళ్ళలో ఆ గీత మీద కాలు కూడా వెయ్యలేదు.

నర్సు అత్త ఎడమ బొటనవేలి కట్టు విప్పింది. తొక్క చెక్కాక మిగిలే నల్ల మచ్చల్ని, అనాస కళ్ళని, తీస్తుంటే కత్తి జారి తెగిన గాయం. తెగి నెల దాటింది. అంచులు తెల్లగా నాని, మధ్యలో ఇంకా తడిగానే ఉంది. అనాస రసం పుల్లగా మండుతుంది. రబ్బరు తొడుగు వేసుకున్నా ఎలాగో లోపలికి దిగుతుంది. నర్సు గాయం తుడుస్తున్నంతసేపూ అత్త గోడ మీద గడియారం వైపే చూసింది. తర్వాత వేలి కొస గుచ్చి రక్తం చుక్క తీసి యంత్రంలో పెట్టారు. అంకె చూసి నర్సు పెదవి విరిచింది.

"మూడొందలు దాటింది. మొన్నటికంటే ఎక్కువే. ఏం తింటున్నావమ్మా?"

"పొద్దున చప్పటి టీ. మధ్యాహ్నం గుప్పెడు అన్నం, కూర. రాత్రి మళ్ళీ గుప్పెడు."

"పళ్ళు?"

"పళ్ళు తినొచ్చని మీరే కదండీ అన్నారు."

"కొంచెంగా తినొచ్చన్నాను."

"కొంచెమే."

పళ్ళంటే తన మనసులో ఉన్నవి డబ్బాలని చెప్పాలన్న ఆలోచనే అత్తకి రాలేదు. పక్కనే నిలబడ్డ గుసగుసకీ రాలేదు. వాళ్ళింట్లో రెండూ ఒకటే.

"మందు వేసుకుంటున్నావు, తిండి తగ్గించానంటున్నావు. మరి ఇది ఎలా పెరుగుతోంది?" నర్సు కొత్త కట్టు చుడుతూ అంది. "ఎక్కడో దొంగతిండి ఉంది. నాతో అబద్ధం చెబితే నాకు పోయేదేం లేదమ్మా. పోయేది నీ వేలు."

అత్త కట్టు కట్టిన చెయ్యి వెనక్కి లాక్కుంది.

"శనివారం మళ్ళీ రా. అప్పటికీ ఇలాగే ఉంటే పళ్ళ గదికి పనికిరావని రాయక తప్పదు. ఇలాంటి గాయంతో పండు ముట్టుకోనివ్వకూడదు. పెరట్లో బుట్టలు కడిగే పనికి వేస్తారు. తిట్టుకోకు, నా పని నేను చేయాలి కదా."

బయటికి వచ్చాక అత్త టోపీ తీసి, దులిపి, మళ్ళీ పెట్టుకుంది. అందులో దులపడానికేమీ లేదు.

"నేను అబద్ధాలాడే దాన్లా కనబడుతున్నానా గుసగుసా?"

"లేదత్తా."

"పైకి చెప్పవే తల్లీ, ఒక్కసారైనా."

"లేదు."

పళ్ళ గది గుమ్మం దాకా అత్తతో వెళ్ళి గుసగుస అక్కడే కాసేపు నిలబడింది. అత్త బల్ల దగ్గరికి వెళ్ళి తొడుగులు వేసుకుంది. పండు తీసుకుని ఆకుల కిరీటాన్ని ఒక్క మెలితో ఊడదీసింది. నిలబెట్టి చుట్టూ తొక్క చెక్కింది. ఆ తర్వాత అసలు పని. అనాస కళ్ళు వరసలుగా ఏటవాలుగా ఉంటాయి. అత్త కత్తి ఆ వరస వెంట జారి, ఒక్కో వరసని ఒక్కో సన్నని గాడిలా ఎత్తి పడేసింది. పండు తిరుగుతుంటే గాడి మెట్లలా చుట్టుకుంటూ కిందికి దిగింది. గుండ్రటి పండు మీద నగిషీ చెక్కినట్టుంది. ముక్కలు కోసి, నలగగొట్టే యంత్రంలో వేసి, గుజ్జు బకెట్టు నింపి, తెల్ల టోపీల గది గోడలో ఉన్న చిన్న కిటికీ చెక్క మీద పెట్టి రెండుసార్లు తట్టింది. అవతలి నుంచి రెండు చేతులు వచ్చి బకెట్టు లాక్కున్నాయి.

"ఇదిగో తమ్ముడూ, బంగారం!"

"వచ్చిందక్కా, వచ్చింది!"

ఆ కిటికీ అవతలి మనిషి ముఖం అత్త ఎప్పుడూ చూడలేదు. అతని ముంజేతి మీద నల్ల పుట్టుమచ్చ ఉందని మాత్రం తెలుసు.

*

మంగళవారం లేబులు యంత్రం మూడుసార్లు మొరాయించింది. బంక ఎక్కువై కాగితాలు వంకరగా అంటుకుంటున్నాయి. వంకరవి తీసేసి కొత్తవి చేత్తో అంటించే పని గుసగుసకి పడింది. తడిగుడ్డతో నానబెట్టి ఒక మూల పట్టుకుని మెల్లగా లాగితే కాగితం చిరగకుండా వస్తుంది. యంత్రం బాగుచేస్తున్నంతసేపూ చేతిలో ఒక కాగితం మిగిలింది.

ముందువైపు అనాస బొమ్మ. ముక్క అంచున ఏటవాలు గాడులు కూడా ఉన్నాయి. అచ్చం అత్త కోత. గుసగుసకి ముచ్చటేసింది. అత్తకి చూపించాలనుకుంది. బొమ్మ పైన పెద్ద పసుపు అక్షరాల్లో తాజా పండు రుచి అని ఉంది. ఊరికే వెనక్కి తిప్పింది. ఏ కాగితం కనబడినా చివరిదాకా చదవడం ఆమె అలవాటు. పొట్లాం కట్టిన కాగితాల్ని కూడా వదలదు.

చీమల్లాంటి అక్షరాలు. నీరు. చక్కెర. అనాస గుజ్జు, నూటికి పది. పులుపు కోసం ఒకటి, రంగు కోసం ఒకటి, వాసన కోసం ఒకటి. కింద చిన్న పట్టికలో పీచు సున్నా. సి విటమిన్ చెప్పుకోదగినంత లేదు. చక్కెర పదమూడున్నర గ్రాములు.

పదమూడున్నరే కదా, పరవాలేదనుకుంది మొదట. యంత్రం మళ్ళీ తిరిగింది. డబ్బాలు గలగలా వస్తున్నాయి. అప్పుడు గుర్తొచ్చింది. ఆ లెక్క వంద మిల్లీలీటర్లకి. డబ్బాలో మూడొందల ముప్పై.

సాయంత్రం దాకా ఆమె మనసులో అదే గుణకారం. నలభై నాలుగు, ఇంకా కొంచెం పైన. చెంచాకి నాలుగు గ్రాములని బళ్ళో సైన్సు టీచరు చెప్పినట్టు జ్ఞాపకం. ఇంటికి వెళ్ళేసరికి నాన్న కుట్టిన బట్టలివ్వడానికి పోయాడు, అమ్మ కొట్టుకి వెళ్ళింది, అత్త స్నానం చేస్తోంది. గుసగుస పంచదార సీసా దించి, గాజుగ్లాసులోకి చెంచాతో కొలిచి పోసింది. పదకొండు చెంచాలు. గ్లాసు అడుగున తెల్లగా, మందంగా నిలిచింది. దాన్ని చూస్తూ కూర్చుండిపోయింది. ఇది ఒక డబ్బా. అత్త తాగేది రెండు.

దొంగతిండి దొరికింది. నర్సు ముందు, నర్సు మాట విని నిన్నటి నుంచి ఎగతాళి చేస్తున్న నాన్న ముందు అత్త మాట నిజమని నిలబడుతుంది. కానీ ఎలా చెప్పాలి? "నా చేత్తో కోసి పంపింది నాకు తెలియదా" అని మురిసిపోయే మనిషికి, నీ పండు ఇందులో నూటికి పదేనని ఎలా చెప్పాలి?

తలుపు చప్పుడైంది. గుసగుస గ్లాసు పట్టుకెళ్ళి నాన్న కుట్టుమిషను వెనక, దారపు ఉండల డబ్బా చాటున పెట్టింది.

*

టీ పెట్టబోయి అమ్మ సీసా ఎత్తి చూసింది.

"ఇదేమిటి, పొద్దున మెడ దాకా ఉంది. ఇప్పుడు నడుముకి దిగింది?"

ఆ మాట అనకుండా ఉండాల్సిందని అమ్మకి వెంటనే తెలిసింది. కానీ నాన్న చెవిలో అప్పటికే పడింది. ఆయన దర్జీ. మెడలో టేపు ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది, నోట్లో వేళాకోళం కూడా అంతే. టేపు తీసి సీసాకి ఆనించి కొలిచాడు.

"రెండంగుళాలు తగ్గింది. ఈ సీసాకి షుగర్ వ్యాధి వచ్చి చిక్కిపోయినట్టుంది. ఏమక్కా, నర్సమ్మకి ఫోను చేసి చెప్పేదా, దొంగ దొరికిందని?"

అత్త అప్పుడే డబ్బా చెవి దగ్గర పెట్టుకుంది. ఊపబోతున్న చెయ్యి ఆగిపోయింది.

"నేను ముట్టుకోలేదురా."

"మరి చీమలు ఎత్తుకెళ్ళాయా? ఎత్తుకెళ్ళినా వరస కట్టాలి కదా!"

"ముట్టుకోలేదన్నానా!"

ఆ గొంతు వినగానే నాన్న నవ్వు కొంచెం తగ్గింది. "నీ మంచికే కదక్కా. వేలు పోతే..." అని ఆగాడు.

గుమ్మం పక్కన నిలబడ్డ గుసగుస గొంతు పెగల్చుకుంది. "నేను తీశాను."

ముగ్గురూ ఆమె వైపు చూశారు. చెవుల దాకా ఎర్రబడిపోయింది ఆ పిల్ల.

"నువ్వా? నువ్వు టీలో కూడా వెయ్యనివ్వవుగా," అంది అమ్మ.

"మేనత్తని కాపాడుతోందిలే. వీళ్ళిద్దరిదీ ఒకే పార్టీ అని ఎప్పటినుంచో తెలుసు నాకు," అన్నాడు నాన్న.

అత్త గుసగుసని ఒక్క క్షణం పరీక్షగా చూసింది. పిల్ల కళ్ళు నేల మీద ఉన్నాయి, వేళ్ళు పరికిణీ అంచు నలుపుతున్నాయి. ఏదో తిన్నదనీ, చెప్పుకోలేక చచ్చిపోతోందనీ అత్త అనుకుంది. డబ్బా బల్ల మీద పెట్టింది.

"పిల్లనెందుకు నిలదీస్తారు? నేనే తిన్నాను. సరేనా? నోరు ఆగక తిన్నాను. ఇక వదిలెయ్యండి."

గుసగుస తల ఎత్తింది. నిన్న మధ్యాహ్నం ఎండలో టోపీ దులుపుకుంటూ నేను అబద్ధాలాడే దాన్లా కనబడుతున్నానా అని అడిగిన మనిషి. ఇప్పుడు తనకోసం దొంగపేరు తానే నెత్తిన పెట్టుకుంటోంది.

"కాదు!" అంది.

ఆ మాట ఎంత గట్టిగా వచ్చిందంటే, నాన్న చేతిలోని టేపు జారి కింద పడింది.

గుసగుస కుట్టుమిషను వెనక నుంచి గ్లాసు తెచ్చి బల్ల మీద, డబ్బా పక్కన పెట్టింది. సంచిలో మడిచి పెట్టుకున్న కాగితం తీసింది.

"నేను తినడానికి తియ్యలేదు. కొలవడానికి తీశాను. ఇది ఇందులో ఉంది," అని గ్లాసు చూపించి డబ్బా మీద చెయ్యి వేసింది. "ఒక్కదాంట్లోనే. అత్త అబద్ధం చెప్పలేదు నాన్నా. అత్తకి తెలియదు. మనకెవరికీ తెలియదు. మన డబ్బాలకి కాగితం ఉండదుగా."

తర్వాత కాగితం విప్పి చదివింది. చదువుతుంటే గొంతు మళ్ళీ చిన్నదైపోయింది. కానీ ఆ గదిలో అప్పుడు ఎవరూ పైకి చదవమని అడగలేదు. నాన్న గ్లాసు ఎత్తి దీపం వెలుగులో అటూ ఇటూ తిప్పి చూశాడు. ఆయన కూడా కొద్ది రోజులుగా గుసగుస తెచ్చిన డబ్బాలు తాగుతున్నాడు.

"అనాస ఎంతన్నావు?" అత్త అడిగింది.

"నూటికి పది."

"మళ్ళీ చూడు. సున్నా మింగి ఉంటావు."

"పదే అత్తా."

"అయితే కాగితం తప్పు," అంది అత్త లేస్తూ. "రాసినవాడు ఎక్కడో కూర్చుని రాస్తాడు. పళ్ళ గది చూశాడా వాడు? బకెట్లకి బకెట్లు పంపుతున్నాం, ఎక్కడికి పోతుంది మరి?"

ఆ సాయంత్రం మాత్రం డబ్బా తెరవలేదు. గూట్లో పెట్టింది. కాసేపాగి మళ్ళీ వచ్చి, గుసగుస తల మీద మొట్టికాయ వేసింది. గట్టిగా కాదు.

"తిన్నావేమో అనుకున్నానే పిచ్చిమొహమా."

*

బుధవారం భోజనాల గంటకి గుసగుస అన్నం డబ్బా పట్టుకుని పళ్ళ గది గుమ్మం దగ్గరికి వెళ్ళేసరికి అత్త కిటికీ దగ్గర ఉంది. బకెట్టు చెక్క మీద పెట్టింది కానీ తట్టలేదు. రెండు చేతులతో పట్టుకుని ఉంది. అవతలి నుంచి పుట్టుమచ్చ చెయ్యి వచ్చి బకెట్టు లాగితే రావడం లేదు.

"ఏంటక్కా, వదలవా?"

"ఒక మాట చెప్పు తమ్ముడూ. ఇది ఎందులో పోస్తావు?"

"ట్యాంకులో."

"ట్యాంకులో ఇంకా ఏముంటుంది?"

"ఏముంటుందక్కా, మామూలే. నీళ్ళు, పంచదార. ఎందుకు?"

"మా అనాసకి పంచదార ఎందుకు? చచ్చేంత తీపి అది. రోజూ చేతులకి అంటుకుంటోంది, నాకు తెలియదా?"

"తియ్యగానే ఉంటుందక్కా, కాదనను. కానీ ఈ ఒక్క బకెట్టుని అన్ని నీళ్ళలో పోశాక తీపెక్కడ మిగులుతుంది చెప్పు?" అతను నవ్వబోయి ఆగినట్టున్నాడు. "మీకు తెలుసనుకున్నానక్కా. నిజంగా. చూస్తావా?"

"గీత దాటకూడదుగా."

"కాళ్ళు దాటకూడదు. తలకాయ గురించి ఎవరూ రాయలేదు."

కిటికీ తలుపు పైకంటా లేచింది. అత్త కత్తి బల్ల మీద పెట్టి, చెక్క మీద రెండు మోచేతులూ ఆనించి, తల లోపలికి దూర్చింది. భుజాల దాకా వెళ్ళింది. ఆమె పాదాలు మడమలెత్తి నిలిచి ఉన్నాయి, గీతకి జానెడు ఇవతల. పచ్చ టోపీల ఆడవాళ్ళంతా కత్తులు ఆపి ఆ సగం మనిషినే చూస్తున్నారు.

"అక్క ఇరుక్కుపోతే వెన్న తెస్తాం," అంది ఒకామె.

అత్త చాలాసేపు అలాగే ఉంది. బయటికి వచ్చేసరికి టోపీ ఒక పక్కకి జరిగింది. గుసగుస దగ్గరికి వచ్చి అన్నం డబ్బా అందుకుని, గోడ వారగా కూర్చుంది.

"పంచదార బస్తాలు కప్పుకి తగులుతున్నాయే," అంది చివరికి. "నా బకెట్టు పోశాడు. నీళ్ళ రంగు కూడా మారలేదు. తర్వాత సీసాలోంచి ఏదో ఇంత పోశాడు, అప్పుడు పసుపయింది." అన్నం డబ్బా మూత తీసి, "మంచివాడే. ముఖం నేను అనుకున్నట్టు లేదు. బాగా పెద్దవాడు. ఇన్నాళ్ళూ తమ్ముడూ అంటున్నాను పాపం," అంది.

గుసగుస అత్త ఎడమ చెయ్యి తన ఒళ్ళోకి తీసుకుంది. కట్టు తడిసింది. కొత్త గుడ్డ తెచ్చుకుంది కాబట్టి విప్పి మళ్ళీ కట్టింది. ముడి వేసేటప్పుడు నొప్పి పుట్టిందేమో, అత్త ఊపిరి బిగబట్టింది.

"అత్తా, కోపం వచ్చిందా?"

"ఎవరి మీదనే? నీ మీదా?" అత్త ముద్ద కలుపుతూ అంది. "ఒక్క నల్ల మచ్చ ఉండకూడదని కళ్ళు తీస్తున్నా. ఒక్కటి మిగిలినా రాత్రి నిద్ర పట్టేది కాదు, ఎవరి నోట్లో పడుతుందోనని. ఆ సముద్రంలో ఎవడికి కనబడుతుందిలే."

గంట కొట్టాక లేచి తొడుగులు వేసుకుంది. గుసగుస గుమ్మం దగ్గర నిలబడి చూసింది. అత్త పండు నిలబెట్టింది. తొక్క చెక్కింది. ఇక ఏదో ఒకలా కోసి పడేస్తుందేమో అనుకుంది గుసగుస. కత్తి వరస వెంట జారింది. గాడి మెట్లలా దిగింది, ఎప్పట్లాగే. ఒక కన్ను సగం మిగిలితే అత్త పండు వెనక్కి తిప్పి, కత్తి మొనతో దాన్ని తీసేసింది.

సాయంత్రం గేటు దగ్గర బోడి డబ్బాలు పంచే మనిషి అలవాటుగా రెండు అత్త చేతిలో పెట్టాడు. అత్త వాటిని తిరిగి బుట్టలో పెట్టింది.

"ఏమక్కా, సొట్ట నచ్చలేదా?" అన్నాడతను.

"నాకు షుగర్ ఉంది నాయనా."

"పండుకి షుగర్ ఏంటి?" అంది వెనకున్న ఆమె. ఆమె చంకలో పాప ఉంది, డబ్బా కోసం అప్పటికే చేతులు చాస్తోంది.

"పండయితే కాదనను. గుసగుసా, ఆ కాగితం ఏదీ? ఇటివ్వు. ఇంటికెళ్ళి నీ మొగుడి చేత చదివించుకో తల్లీ, తర్వాత పాపకి పట్టు," అని అత్త లేబులు ఆమె చేతిలో పెట్టింది.

ఆమె కాగితం తీసుకుంది. డబ్బాలు కూడా తీసుకుంది. మర్నాడు గేటు దగ్గర ఒక్కటే తీసుకుంది.

*

శనివారం నర్సు రక్తం చుక్క యంత్రంలో పెట్టి, అంకె చూసి, కళ్ళద్దాలు సవరించుకుని మళ్ళీ చూసింది.

"నూట తొంభై. అయితే మానేశావన్నమాట, ఆ తినేదేదో."

"మానేశాను. తినేది కాదండీ, తాగేది. డబ్బాలు."

"మన డబ్బాలా? అది పళ్ళరసమే కదా."

అత్త మేనకోడలి వైపు చూసింది. కొత్త లేబులు గుసగుస జేబులో ఉంది. చెప్పాల్సింది తనేనని ఆమెకి తెలుసు. బల్ల అంచు పట్టుకుని, "కాదండీ," అంది. "రోజుకి రెండు తాగేది. రెండింట్లో కలిపి ఇరవై రెండు చెంచాల చక్కెర. అత్త మీకు అబద్ధం చెప్పలేదు. పండనే అనుకుంది."

మళ్ళీ చెప్పమనకుండానే మాటలన్నీ నర్సుకి ఒక్కసారికే వినపడ్డాయి.

నర్సు లేబులు తీసుకుని చదివింది. చదువుతూ చదువుతూ పక్కనున్న అలమర వైపు ఒకసారి చూసింది. నీరసంగా వచ్చేవాళ్ళకి ఇవ్వడానికి పెట్టిన బోడి డబ్బాలు అందులో వరసగా ఉన్నాయి. కాగితం మడిచి అత్త చేతికిచ్చి, ఆ చెయ్యి వదలకుండా అలాగే పట్టుకుంది.

"నేను అడగాల్సింది. దొంగతిండి అన్నాను, తప్పయింది. ఏమీ అనుకోకమ్మా."

"మా తమ్ముడు ఇంకా చాలా అన్నాడు లెండి."

కట్టు విప్పి చూస్తే గాయం మానలేదు. కానీ తడి ఆరింది. ఒక అంచున లేత గులాబీ రంగు చర్మం సన్నగా మొలిచింది. పళ్ళ గదికి పనికిరాదని రాయాల్సిన కాగితం నర్సు పక్కకి జరిపింది. గాయం మానేదాకా కత్తి పట్టకుండా, గదిలోనే ఆకులు ఊడదీసే పని ఇవ్వమని రాసింది. అత్త అందుకు ముఖం చిట్లించింది, కానీ పెరడు కాదు కదా అని ఊరుకుంది.

వాళ్ళు ఇల్లు చేరేసరికి నాన్న కుట్టుమిషను మీద బట్టలన్నీ పక్కకి తోసి, మధ్యలో ఒక అనాసపండు నిలబెట్టి దాని ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఎక్కడిదిరా ఇది?"

"బజారులో కొన్నాను. ఎంత అందంగా ఉందో చూశావా కిరీటం? అన్నింట్లోకీ పెద్దది ఏరాను."

అత్త పండు చేతిలోకి తీసుకుంది. అడుగున వాసన చూసింది, వేలితో తట్టింది. "కిరీటం చూసి పండు కొనేవాణ్ణి నిన్నే చూశాను. ఇంకా సగం పచ్చిదే. గుడ్డ ఏరినట్టు పైన రంగు చూస్తే ఎలారా?"

"మరి కొలత తీసుకుందామంటే ఇది ఊపిరి బిగబట్టింది అక్కా," అన్నాడు నాన్న. ఆ తర్వాత వేళాకోళం లేని గొంతుతో, "నిన్ను అన్నవి మనసులో పెట్టుకోకు," అన్నాడు.

"కత్తి తే," అంది అత్త.

"నర్సమ్మ కత్తి పట్టొద్దంది," అంది గుసగుస.

"ఫ్యాక్టరీలో పట్టొద్దంది. పండు నువ్వు పట్టుకో. నేను కోస్తాను."

గుసగుస రెండు చేతులతో పండు నిలబెట్టి పట్టుకుంది. అత్త తొక్క చెక్కింది. కత్తి ఏటవాలుగా వరస వెంట జారుతుంటే, ఆ జారుడికి తగ్గట్టు పండు తిప్పడం గుసగుసకి రెండు వరసలు పోయాక పట్టుబడింది. గాడి చుట్టూ తిరిగి కిందికి దిగింది. అమ్మ పొయ్యి దగ్గర్నుంచి వచ్చి చెయ్యి తుడుచుకుంటూ నిలబడింది.

"ఎంత బాగా కోస్తావు వదినా! నేనెప్పుడూ చూడనేలేదు."

ఆ మాటకి కత్తి ఆగింది. అత్త అందరి ముఖాలూ ఒకసారి చూసింది. ఇన్నేళ్ళుగా రోజూ బల్ల మీద గుట్టలు గుట్టలుగా కోసింది. పళ్ళ గదిలోంచి ముక్క కూడా బయటికి తేకూడదు. ఇంట్లోనేమో డబ్బాలున్నాయి కదా, పండెందుకు కొనాలి? ఆమె కోసిన పండు ఈ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ తినలేదు.

ముక్కలు కోసి తలా రెండు పెట్టింది. తనకి ఒక్కటి, పల్చటిది పెట్టుకుంది.

నాన్న నోట్లో వేసుకుని రెండుసార్లు నమిలి, నాలుక బయట పెట్టాడు. "అమ్మో, ఇది కరుస్తోందేంటి అక్కా!"

"పండు కదా, కరుస్తుంది," అంది అత్త. "ఇన్నాళ్ళూ నా చేతుల్ని ఇదే కరిచింది."

గుసగుసకి కూడా నాలుక చుర్రుమంది. పుల్లగా ఉంది, పీచు పళ్ళ సందుల్లో ఇరుక్కుంది, తీపి ఎక్కడో చివర్లో వచ్చింది. ముక్క అంచున ఏటవాలు గాడి మీద వేలు పెట్టి చూసింది. నల్ల మచ్చ ఒక్కటి కూడా లేదు.

"ఎలా ఉందే?" అత్త అడిగింది.

గుసగుస నోటినిండా పండే. అయినా చెప్పింది. పక్కింటివాళ్ళకి కూడా వినపడేలా చెప్పింది.